హైస్పీడ్ లైన్ వస్తే దాని మీద మన కార్లు, లారీలు కూడా ఎక్కించాలా? అసలు ఎక్కించేవాళ్లుంటారా?

ఎన్‌హెచ్16 బాటసారి
శంషాబాద్ నుంచి విజయవాడ మీదుగా విశాఖకు సెమీ హైస్పీడ్ లైన్ సర్వే అన్న దగ్గర్నుంచి ఒకటే గోల, హైదరాబాద్ ఎన్ని గంటల్లో వెళ్లిపోతాం అని. నా ప్రశ్న వేరు. వేల కోట్లు పోసి వేసే లైను మీద మనుషులను మాత్రమే ఎందుకు ఎక్కించాలి? కారుతో సహా ఎక్కి దిగే ఏర్పాటు ఎందుకు ఉండకూడదు? లారీని లారీలాగే ఎక్కిస్తే తప్పేంటి?

ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య సముద్రం కింద సొరంగం ఉంది. 50 కి.మీ. పైన. 1994 నుంచి కార్లూ లారీలూ రైలెక్కి అటు పోతున్నాయి. కార్లోంచి దిగకుండా 35 నిమిషాల్లో ఒడ్డు మారిపోతారు. అంత దూరం ఎందుకు, మన కొంకణ్ రైల్వే 1999 నుంచి లారీలను వ్యాగన్ల మీద ఎక్కించి తీసుకెళ్తోంది. వాళ్లకు గిట్టింది మనకెందుకు గిట్టదు? పోర్టు ఉంది, గంగవరం ఉంది, ఫార్మా ఉంది, రొయ్యలున్నాయి. డిమాండ్ లేదంటే నేను నమ్మను. తెలిసినవాళ్లు చెప్పండి.

కంచరపాలెం కుర్రోడు
ముందు మనుషులకు బెర్తు కన్ఫర్మ్ కానివ్వండి బాబూ. కార్ల సంగతి తర్వాత చూద్దాం.

పాత గూడ్స్ గార్డు
బాటసారి గారూ, మీరు చెప్పిన రెండూ నిజమే. కానీ ఆ రెండూ హైస్పీడ్ కావు. ముందు అది గమనించండి.

సొరంగంలో కార్ల రైలు గంటకు 140 కి.మీ. దాటదు. లండన్–పారిస్ మధ్య తిరిగే హైస్పీడ్ రైలు యూరోస్టారే అందులో 160కి తగ్గి వెళ్తుంది. ఆ లారీలు ఎక్కడ దిగుతాయో తెలుసా? సొరంగం బయటికి రాగానే. అటు పారిస్ వరకూ, ఇటు లండన్ వరకూ హైస్పీడ్ లైన్లున్నాయి. అయినా ఒక్క లారీని ఆ లైన్ల మీద ముందుకు తీసుకెళ్లరు. అక్కడే దింపేసి రోడ్డెక్కమంటారు. ఇంగ్లండ్ వైపు 108 కి.మీ. లైను 2007లో పూర్తయింది. ఎందుకైనా మంచిదని గూడ్స్ పక్కకు తప్పుకోవడానికి లూప్ లైన్లు కూడా కట్టారు. వాటి మీద నడిచిన గూడ్స్ అరకొరే. డిమాండ్ ఉంటుందని కట్టినచోటే రాలేదు.

ఇక సాంకేతికంగా చూద్దాం. మన గూడ్స్ వ్యాగన్ ఒక్కో ఇరుసు మీద 22.9 టన్నులు, కొన్ని దారుల్లో 25 టన్నులు మోస్తుంది. ఫ్రాన్స్ హైస్పీడ్ రైలుకు పరిమితి 17 టన్నులు. జపాన్ వాళ్లది ఇంకా తక్కువ. బరువు పెరిగితే పట్టా అరిగిపోతుంది, మర్నాడు 300లో వెళ్లే రైలుకు అదే పట్టా కావాలి. అందుకే కుదరదు. నాకు తెలిసిన విషయం కాబట్టి ఖచ్చితంగా చెప్తున్నాను.

ఎన్‌హెచ్16 బాటసారి
గార్డు గారూ, మీ అనుభవానికి దణ్ణం. కానీ లెక్క చూద్దాం. పది చక్రాల లారీ ఫుల్ లోడుతో 28.5 టన్నులు. కింద వ్యాగన్ ఓ 20 టన్నులనుకోండి. మొత్తం 48.5. నాలుగు ఇరుసుల మీద పంచితే ఒక్కోదానికి 12 టన్నుల పైచిలుకు. మీరు చెప్పిన 17 కన్నా తక్కువే కదా? బొగ్గు ఎక్కించమని నేనెక్కడ అన్నాను? లారీ ఎక్కించమన్నాను.

పాత గూడ్స్ గార్డు
లెక్క బాగానే ఉంది. ఇప్పుడు ఆ లారీ మీద టార్పాలిన్ కట్టి, దాని మీద తాడు బిగించి, 250లో లాగండి. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. వందలో వెళ్లినప్పటి కన్నా మూడొందల్లో తొమ్మిది రెట్లు. ఎదురు లైన్లో ఇంకో రైలు వస్తే ఆ రెండిటి మధ్య గాలి తన్నే తన్నుకు టార్పాలిన్ ఏమవుతుంది? తాడు కొస విప్పుకుని కరెంటు తీగ మీద పడితే ఆ రోజుకు లైను మూతే. లారీని మూసిన పెట్టెలో పెట్టాలి. పెట్టె అంటే ఎత్తు, ఎత్తంటే సొరంగాలు, వంతెనలు, తీగలు అన్నీ పెద్దవి కట్టాలి. ఢిల్లీ వైపు నుంచి ముంబయి రేవుకు వేసిన సరుకు రవాణా కారిడార్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టే డబుల్ స్టాక్ కంటైనర్ల కోసం తీగ ఎత్తు ఏడున్నర మీటర్లు చేశారు. అక్కడ వేగం ఎంత? గరిష్ఠంగా 100.

మధురవాడ టెకీ
గార్డు గారితో ఏకీభవిస్తాను, కానీ కారణం వేరు. సరుకును హైస్పీడ్ మీద నడిపిన వాళ్లు లేకపోలేదు. ఫ్రాన్స్‌లో పోస్టల్ శాఖ 1984 నుంచి పసుపు రంగు టీజీవీ హైస్పీడ్ రైళ్లు 270లో నడిపింది. ఉత్తరాలు తగ్గిపోయాయి, 2015లో ఆపేశారు. ఇటలీ 2018లో ఒక పాత హైస్పీడ్ రైల్లో సీట్లు తీసేసి పార్శిల్ ట్రాలీలు నింపి, దక్షిణాన కాసెర్టా దగ్గర్నుంచి బొలోన్యాకు రాత్రిపూట నడిపింది. జపాన్‌లో షింకన్‌సెన్ అనే బుల్లెట్ ప్యాసింజర్ రైళ్లలో ఓ మూల చేపలు, పళ్లు పెట్టి టోక్యో పంపుతున్నారు. చైనా 2020లో 350లో పోయే సరుకు రైలు తయారుచేసి చూపించింది.

వీటిలో ఒక్కటైనా లారీని మోసిందా? లేదు. అన్నీ పెట్టెలే. కిలో విలువ ఎక్కువ, బరువు తక్కువ ఉన్న సరుకు. లారీని ఎక్కిస్తే ఇంజనూ, టైర్లూ, క్యాబినూ, డీజిల్ ట్యాంకూ అన్నీ మోస్తున్నాం, డబ్బులిచ్చేది మాత్రం వెనకున్న సరుకు ఒక్కటే.

పెందుర్తి అక్క
సరుకు మాట మీరు చూసుకోండి. కారు మాట నేను చెప్తాను. మేం హైదరాబాద్ నుంచి ఇక్కడికి ఇల్లు మారినప్పుడు కారును ఒక ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకిచ్చాం. పేరు చెప్పను, చెప్తే మళ్లీ ఫోన్లు చేస్తారు. ట్రైలర్ మీద తెస్తాం, నాలుగు రోజులన్నారు. రెండు వారాలైంది. దింపేటప్పుడు చూస్తే మీటర్ మీద ఆరువందల పైన కిలోమీటర్లు పెరిగాయి. ట్రైలర్ మీద వచ్చిన బండికి మీటర్ ఎలా తిరుగుతుందండీ? డ్రైవర్ సీటు వెనక్కి జరిపేసి ఉంది, డ్యాష్‌బోర్డ్ మీద అగరుబత్తి బూడిద, వెనక సీట్లో సగం తాగిన మజ్జిగ ప్యాకెట్. ఎవరో కుటుంబంతో సహా సుబ్బరంగా తోలుకొచ్చారు.

అదే రైల్లో నా కళ్ల ముందు నా కారుంటే ఈ టెన్షన్ ఉండదు కదా. డిమాండ్ ఎందుకు లేదు, నేనున్నాను.

మధురవాడ టెకీ
అక్కా, మీరు ఎన్నేళ్లకోసారి ఇల్లు మారతారు?

పెందుర్తి అక్క
అది నీకెందుకు తమ్ముడూ.

మైలేజ్ మావయ్య
2025 వినాయక చవితికి కొంకణ్ వాళ్లు లారీలతో పాటు కార్లకు కూడా ఇదే పెట్టారు. మహారాష్ట్రలోని కోలాడ్ నుంచి గోవాలోని వెర్ణాకు. కారుకు 7,875 రూపాయలు, మనుషులకు రైలు టికెట్ వేరే. రైలుకు 40 కార్లు పడతాయి, కనీసం 16 వస్తేనే నడుపుతామన్నారు. స్పందన అంతంతమాత్రం. పండగ రోజుల్లో, ముంబయి నుంచి ఊళ్లకు జనం ఎగబడే సీజన్లోనే అలా ఉంటే మన దగ్గర ఎవరెక్కుతారు?

హైదరాబాద్ 620 కి.మీ. వేసుకోండి. లీటరుకు 15 ఇచ్చినా 41 లీటర్లు. లీటరు పెట్రోల్ నూటతొమ్మిది అనుకుంటే 4,500. నలుగురం వెళ్లిపోతాం.

ఎన్‌హెచ్16 బాటసారి
టోల్ కలపలేదు. టైర్ల అరుగుదల కలపలేదు. డ్రైవర్ని పెట్టుకుంటే బత్తా కలపలేదు.

మైలేజ్ మావయ్య
నా బండి డీజిల్. 20 ఇస్తుంది. ఇంకా తక్కువే పడుతుంది.

కంచరపాలెం కుర్రోడు
ఏసీ వేసుకుని, నలుగురు ఎక్కి, డిక్కీ నిండా పచ్చళ్ల జాడీలు పెట్టుకుని 20 ఇచ్చే బండి ఏదో చెప్పండి మావయ్యా. నేనూ కొంటాను.

మైలేజ్ మావయ్య
తోలే పద్ధతి మీద ఉంటుంది. 80 దాటకుండా వెళ్తే ఇస్తుంది. నేను బిల్లులు దాచాను, కావాలంటే ఫొటో పెడతాను.

మోడరేటర్
మైలేజ్ గురించి వేరే చర్చ ఉంది. ఇక్కడ వద్దు.

మైలేజ్ మావయ్య
ఖర్చు లెక్క లేకుండా డిమాండ్ ఎలా తేలుస్తారండీ? అయినా సరే, ఆపేస్తున్నాను. 20 మాత్రం ఇస్తుంది.

ఆటోనగర్ లారీ
నిన్నటి నుంచి చదువుతున్నాను. లారీల గురించి అందరూ మాట్లాడుతున్నారు, లారీ ఉన్నవాడు ఒక్కడూ లేడు. నాకు మూడు బళ్లున్నాయి.

మా డ్రైవరొకడు మంగళూరు వైపు సూరత్కల్ దగ్గర కొంకణ్ రైలెక్కించాడు. వాడు చెప్పిందే చెప్తున్నా. బళ్లన్నీ వరసగా వెనక నుంచి ఎక్కాలి, ఒకదాని వెనక ఒకటి, రైలు పొడవునా వ్యాగన్ల మీద నుంచే తోలుకుంటూ ముందుకెళ్లాలి. పక్కకు జానెడు తేడా వస్తే చక్రం గాల్లో ఉంటుంది. టైర్ల కింద దిమ్మలు కొట్టి గొలుసులు బిగిస్తారు. తర్వాత డ్రైవర్ తన క్యాబిన్లోనే కూచోవాలి. ఇంజన్ ఆఫ్, స్టీరింగ్ ముందు వీడు, పక్కన కొండలు వెనక్కి పోతుంటాయి. మొదటి గంట బ్రేక్ మీంచి కాలు తియ్యలేకపోయాట్ట.

ఎందుకెక్కించాం? ఆ దారి ఘాట్లు, వాన, గుంతలు. డీజిల్ మిగులుతుంది, టైరు మిగులుతుంది, బండి పడుకోదు. లాభం ఉంది కాబట్టి ఎక్కించాం. ఇక్కడ విజయవాడ వరకూ బల్లపరుపు రోడ్డు, ఆనందపురం–అనకాపల్లి ఆరు లైన్లు అయిపోయింది. నేను రైలెందుకెక్కాలి? ఎక్కే చోటికి వెళ్లి క్యూ కట్టి, దిగే చోట మళ్లీ క్యూ కట్టి, ఈలోపు ఏలూరు దాటేస్తాను.

రైలు కావలసింది సాలూరు దాటాక సుంకి ఘాట్ మీద. రాయపూర్ వైపు వెళ్లే బళ్లకు. అటు 464 కి.మీ. కొత్త రోడ్డు వేస్తున్నారు, అది పూర్తిగా వచ్చేస్తే అక్కడా అక్కర్లేదు.

ఇంకోటి. డ్రైవర్ రైల్లో ఊరికే కూచుంటే బత్తా ఎవరిస్తారు? నేనివ్వను అంటే వాడు రాడు. ఇస్తే నాకు మిగలదు. ఇది ఏ సర్వేలోనూ రాయరు.

మధురవాడ టెకీ
ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన అసలు మాట ఇదే. ఎక్కడైనా చూడండి, బండిని రైలెక్కించేది రోడ్డు తెగిన చోట. ఇంగ్లిష్ చానెల్లో సముద్రం, స్విట్జర్లాండ్‌లో ఆల్ప్స్, మన దగ్గర కొంకణ్. జర్మనీలో సిల్ట్ ద్వీపానికి రోడ్డే లేదు, కార్లు రైలెక్కి వెళ్తాయి. వేగం కోసం ఎవరూ ఎక్కించడం లేదు.

అమెరికాలో వాషింగ్టన్ దగ్గర లోర్టన్ నుంచి ఫ్లోరిడాకు 1,370 కి.మీ. కార్ల రైలుంది, 1983 నుంచి అక్కడి ప్యాసింజర్ రైలు సంస్థ ఆమ్‌ట్రాక్ నడుపుతోంది. అక్కడ రోడ్డుకు లోటు లేదు, నిజమే. కానీ దాని వేగం 110 దగ్గరే, ప్రయాణం 17 గంటలు. జనం ఎందుకెక్కుతారు? రెండ్రోజులు డ్రైవ్ చేసే బదులు రాత్రి నిద్రపోయి లేచేసరికి కారుతో సహా దిగుతారు. అంటే ఎక్కువ దూరం, రాత్రి, మెల్లగా. హైస్పీడ్‌కు సరిగ్గా తలకిందులు.

ఎన్‌హెచ్16 బాటసారి
రాత్రి అన్నారు కాబట్టి అడుగుతున్నా. హైస్పీడ్ లైన్ మీద రాత్రి ప్యాసింజర్లు ఉండవు. అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా లైను ఖాళీయే. ఆ టైములో 120లోనో 140లోనో లారీల రైళ్లు నడపొచ్చు కదా? గాలీ లేదు, టార్పాలినూ లేదు, ఎదురు రైలూ లేదు. దీనికి సమాధానం చెప్పండి.

పాత గూడ్స్ గార్డు
చెప్తాను. జపాన్‌లో షింకన్‌సెన్ అర్ధరాత్రి నుంచి ఆరు దాకా ఎందుకు నడవదు? ఖాళీగా ఉండి కాదు, ఆ ఆరు గంటలూ పట్టాల మీద మరమ్మతు గ్యాంగు ఉంటుంది. కొలుస్తారు, అరగదీస్తారు, మారుస్తారు. పొద్దున మొదటి బండి పూర్తి వేగంతో పోయేది ఆ పని వల్లే. ఆ టైములో మీరు గూడ్స్ వదిలితే మరమ్మతు ఎప్పుడు?

కలిపి నడిపితే ఏమవుతుందో కూడా జపాన్‌లోనే ఉంది. హొక్కైడో వెళ్లే సైకాన్ సొరంగం దాదాపు 54 కి.మీ. గూడ్సూ షింకన్‌సెనూ ఒకే లైన్ మీద. ఎదురయ్యే గూడ్స్‌కు గాలి దెబ్బ తగులుతుందని షింకన్‌సెన్‌ను మొదట్లో 140కే కట్టేశారు. దాన్ని పెంచడానికి ఇప్పటికీ తంటాలు పడుతున్నారు. కోట్లు పెట్టి కొన్న గుర్రాన్ని గానుగకు కట్టినట్టు.

ఇంకా ఉంది. ముంబయి–అహ్మదాబాద్ బుల్లెట్ రైలు లైను 508 కి.మీ. స్టాండర్డ్ గేజ్, అంటే పట్టాల మధ్య దూరం మన బ్రాడ్ గేజ్ కన్నా తక్కువ. మనదీ అలాగే వస్తే మన పోర్టులో, స్టీల్ ప్లాంటులో, కిరండూల్ లైన్లో ఉన్న బ్రాడ్ గేజ్ వ్యాగన్ ఒక్కటి కూడా దాని మీదకు రాదు.

రొయ్యల రాజు
అందరూ లారీ లారీ అంటున్నారు. నా మాట వినండి. మన రాష్ట్రం రొయ్యల్లో దేశంలో మొదటిది. విశాఖ పోర్టు నుంచి కంటైనర్లు పోతున్నాయి. పాడైపోయే సరుకు కాబట్టి వేగం కావాలి. ఇదే డిమాండ్.

కంచరపాలెం కుర్రోడు
రాజు గారూ, ఎగుమతి రొయ్య గడ్డకట్టించింది కదండీ. మైనస్ పద్దెనిమిదిలో ఉండి, ఓడలో వారాల తరబడి వెళ్లేదానికి భీమవరం నుంచి విశాఖ దాకా హైస్పీడ్ ఎందుకు? దానికి కావలసింది కరెంటు పోకుండా ఉండటం.

రొయ్యల రాజు
సరే, రొయ్య పక్కన పెట్టండి. మండపీత? బతికుండగా పోవాలి. డెక్కలకు తాడు కట్టి, తడి గోనెలో సర్ది, కాకినాడ వైపు నుంచి చెన్నై పంపితే అక్కడ విమానం ఎక్కుతుంది. దారిలో చచ్చిన పీత విలువ సున్నా. తడి ఆరకూడదు, ఎండ తగలకూడదు, విమానం మిస్ కాకూడదు. దానికి వేగం కావాలి. నేను చూస్తుండగానే తెరిచిన బుట్టలో పైవి కళ్లు ఆడిస్తున్నాయి, అడుగున ఉన్నవి చల్లబడి ఉన్నాయి. ఆ నష్టం కొన్నవాడికి తెలియదు, పంపినవాడికే తెలుస్తుంది.

మధురవాడ టెకీ
ఒప్పుకుంటాను. కానీ పీతలకు ప్యాసింజర్ రైల్లో అర బోగీ చాలు. రైలుకు రైలు నిండదు. చెన్నై రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో వందేభారత్ లాంటి పార్శిల్ రైలు అన్న మాట చాలాకాలంగా వింటున్నాం, 160 వేగానికి. మన పీతకూ మందులకూ సరిపోయేది అది. కొత్త లైను అక్కర్లేదు.

ఆటోనగర్ లారీ
పాలు కూడా చూడండి. రేణిగుంట నుంచి ఢిల్లీకి దూధ్ దురంతో 2020 నుంచి నడిచింది. ఒక్కోటి 40 వేల లీటర్ల ట్యాంకర్లు. పాత లైను మీదే. అటు గుజరాత్‌లో పాలన్‌పూర్ నుంచి రేవారీకి పాల లారీలను లారీలుగానే సరుకు కారిడార్ మీద రైలెక్కిస్తున్నారు. వందకు మించని లైను అది. అయినా లారీ ఎక్కింది. ఎందుకు? రోజూ ఒకే టైముకు చేరుతుంది కాబట్టి.

నన్నడిగితే నాకు 200 వేగం వద్దు. ‘రేపు ఆరింటికి నీ బండి దిగుతుంది, దిగకపోతే గంటకు ఇంత నేనిస్తాను’ అని కాగితం మీద రాసిస్తే రేపే ఎక్కిస్తాను. వేగం కాదండీ, మాట కావాలి.

ఎన్‌హెచ్16 బాటసారి
అదే కదా నేనూ అంటున్నది! లారీలకు డిమాండ్ ఉందని మీరే ఒప్పుకున్నారు.

పాత గూడ్స్ గార్డు
ఆయన చెప్పింది పాత పద్ధతి లైన్ మీద. మీరడిగింది హైస్పీడ్ మీద. మూడు రోజులుగా ఎంతమంది ఎన్ని విధాల చెప్పినా మీరు మళ్లీ మొదటికే వస్తున్నారు. ఎందుకంత పట్టుదల? నక్కపల్లి వైపు పరిశ్రమలు వస్తున్నాయని అక్కడేమైనా స్థలాలు కొన్నారా? లాజిస్టిక్ పార్కు వస్తుందని బోర్డు పెట్టి ప్లాట్లు అమ్మే బ్యాచా మీరు?

కంచరపాలెం కుర్రోడు
అయ్యబాబోయ్.

ఎన్‌హెచ్16 బాటసారి
గార్డు గారూ, పెద్దవారని ఇంతవరకూ మర్యాదగా మాట్లాడాను. నేను ప్లాట్లు అమ్మను. మాకున్నది పాయకరావుపేట దగ్గర ఎకరంన్నర మామిడి, కాస్త జీడి. హైవే వెడల్పు చేసినప్పుడు మధ్యలోంచి పోయింది. ఇల్లు రోడ్డుకు ఇవతల, తోట అవతల. మధ్యలో డివైడర్. మా నాన్న తోటకు వెళ్లాలంటే యూటర్న్ దాకా సైకిల్ మీద పోయి అటువైపు వెనక్కి రావాలి. నీళ్ల క్యాన్ హ్యాండిల్‌కు తగిలించుకుని, లారీల పక్కన. కాపు కాసినప్పుడు మర్కటాలు పీకేస్తుంటే ఇంటి అరుగు మీంచి కనిపిస్తుంది, పరిగెత్తలేం. ఆ రోడ్డు మీద రోజుకు ఎన్ని వేల బళ్లు పోతాయో, మా ఊళ్లో ఒక్కటి ఆగదు.

ఇప్పుడు హైస్పీడ్ అంటున్నారు. అది స్తంభాల మీద పోతుంది. అటు విశాఖ, ఇటు రాజమండ్రి. మధ్యలో మా ఊళ్లకు స్టేషన్ ఇవ్వరు, ఇస్తే హైస్పీడ్ ఎలా అవుతుంది? మనుషుల రైలు కిందకు దిగనే దిగదు. సరుకు రైలు మాత్రం ఎక్కడో ఒక చోట దిగాలి. దిగిన చోట యార్డు, యార్డుకు గేటు, గేటుకు రోడ్డు, రోడ్డు మీద పని. లారీ ఎక్కిస్తేనే ఆ లైనుకు మా మండలంలో ఒక తలుపు ఉంటుంది. లేకపోతే మళ్లీ భూమి మాది, ప్రయాణం మీది. అదీ నా పట్టుదల. ఇప్పుడు ఇరుసు లెక్కలు చెప్పండి.

పెందుర్తి అక్క
ఈ ముక్క మొదటి రోజే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు బాబూ.

మైలేజ్ మావయ్య
సర్వీస్ రోడ్డూ అండర్‌పాసూ అడగాల్సిన చోట అడగాలి, హైస్పీడ్ రైలును అడిగితే ఏమొస్తుంది?

ఎన్‌హెచ్16 బాటసారి
అడిగాం సార్. అర్జీల నకళ్లు బీరువాలో ఉన్నాయి. మీ డీజిల్ బిల్లుల్లాగే దాచాం.

పాత గూడ్స్ గార్డు
బాటసారి గారూ, ప్లాట్ల మాట వెనక్కి తీసుకోమని మీరడగలేదు, నేనూ ఆ చర్చకు పోను. కానీ మీ మాటకు నా మాట కూడా చెప్పాలి.

నేను ఈ లైన్ మీద గూడ్స్ చివర ఉండే గార్డు పెట్టె, బ్రేక్ వ్యాన్‌లో బతికాను. ఇనప డబ్బా, ఒక బల్ల, ఒక నీళ్ల క్యాన్. మెయిల్ వస్తోంది పక్కకు తప్పుకో, ఎక్స్‌ప్రెస్ వస్తోంది ఆగు, ఇంకో ఎక్స్‌ప్రెస్ లేటుగా వస్తోంది ఇంకా ఆగు. చిన్న స్టేషన్ లూప్‌లో ఎండకు మాడుతూ పూటకు పూట కూచున్న రోజులున్నాయి. మా వెనక యాభై పైన వ్యాగన్లు, అందులో ఎవరి సరుకో. ఆ రోజుల్లో మాకు పెద్ద బాధ రైలు మెల్లగా పోవడం కాదు, అసలు పోకపోవడం. దేశంలో గూడ్స్ సగటు వేగం ఏళ్ల తరబడి గంటకు 25 దగ్గరే తచ్చాడటానికి కారణం ఇంజన్ కాదు, ఇలా ఆగిపోవడమే. ఆటోనగర్ ఆయన అడిగిన ‘మాట’ ఇవ్వలేకపోవడానికీ కారణం అదే. ఒకే లైన్ మీద వందేభారత్, ప్యాసింజర్, బొగ్గు అన్నీ పోవాలి.

2021 బడ్జెట్‌లో ఖరగ్‌పూర్ నుంచి విజయవాడకు తూర్పు తీర సరుకు కారిడార్ అన్నారు. 1,115 కి.మీ., మన మీదుగానే. పేపర్లో చదివి నేను సంతోషపడ్డాను. తర్వాత దాని మాట ఎవరూ ఎత్తడం లేదు, అందరికీ హైస్పీడే కావాలి. హైస్పీడ్ మీద లారీ ఎక్కించొచ్చు అని మీలాంటివాళ్లు అంటే, ‘రెండు పనులూ ఒక దాంతో అయిపోతాయి, సరుకు లైను వేరే ఎందుకు’ అని ఆ ఫైలు మూసేస్తారు. చివరికి హైస్పీడ్ వస్తుంది, దాని మీద సరుకు ఎక్కదు, సరుకు లైను రాదు. అందుకే మొదటి రోజు నుంచీ గట్టిగా వాదిస్తున్నాను.

మధురవాడ టెకీ
కానీ హైస్పీడ్ వచ్చి పగటి ఎక్స్‌ప్రెస్‌లు అటు పోతే పాత లైను ఖాళీ అవుతుంది కదండీ? గూడ్స్‌కు దారి అలా కూడా దొరుకుతుంది.

పాత గూడ్స్ గార్డు
కొంత దొరుకుతుంది. కానీ ఆ ఎక్స్‌ప్రెస్‌లు నిజంగా తీసేస్తారా? తుని, అనకాపల్లి, సామర్లకోటలో ఎక్కేవాళ్లు ఊరుకుంటారా? ఊరుకోకూడదు కూడా. జనరల్ బోగీలో పోయేవాడు హైస్పీడ్ టికెట్ కొనడు. 2023 సంక్రాంతి నాడు వందేభారత్ వచ్చింది, దానికోసం పాత రైలు ఏదైనా తీశారా?

ఆటోనగర్ లారీ
గార్డు గారూ, ఆ సరుకు కారిడార్ వస్తే లారీలు ఎక్కించే చోటు పెడతారా?

పాత గూడ్స్ గార్డు
పెట్టొచ్చు. పాలన్‌పూర్‌లో పెట్టారుగా. వంద వేగం, బరువుకు తిప్పలేదు, ఎత్తుకూ తిప్పలేదు. గూడ్స్ షెడ్లు తప్పనిసరిగా వస్తాయి, మండలానికి కాకపోయినా పెద్ద ఊరికొకటి.

ఎన్‌హెచ్16 బాటసారి
అయితే మాకు కావలసిన తలుపు ఆ లైన్లో ఉందంటారు.

పాత గూడ్స్ గార్డు
ఉంది. కానీ దాని ఖరీదు కూడా తెలుసుకోండి. రేక్, అంటే మొత్తం గూడ్స్ రైలు పొడవు 700 మీటర్ల దగ్గర ఉంటుంది. అది ఆగడానికి వంపు లేని లూపు, లారీలు తిరగడానికి చోటు, ఎక్కే ర్యాంపు, పక్కన రోడ్డు. హైస్పీడ్ స్తంభాలకు పోయే దానికన్నా ఒక్క యార్డుకే ఎక్కువ భూమి పోతుంది. అది కూడా మీ ఊరిదే.

ఎన్‌హెచ్16 బాటసారి
తెలుసు. మా నాన్నతో నిన్న రాత్రి అదే మాట్లాడాను. గేటు ఊరి వైపు పెడతామని ముందే రాసిస్తే ఇస్తానన్నారు. హైవే అవతల పెడితే మాత్రం ఒక్క సెంటు ఇవ్వనన్నారు.

ఆటోనగర్ లారీ
గేటు ఏ వైపు పెట్టినా లారీ మళ్లీ ఆ యూటర్న్ దగ్గరే తిరగాలి. ముందు అక్కడ అండర్‌పాస్ అడగండి. అర్జీ రాస్తే నా సంతకం కూడా పెడతాను, ఆ మలుపులో మా బండి కూడా ఒకటి తిరగబడింది.